పెట్టె మీద ఊరి పేరు

సియాటిల్ పక్కన బెల్‌వ్యూలోనో రెడ్మండ్‌లోనో స్థిరపడ్డ మనవాళ్లలో ఇంట్లో బీరు కాచుకునే సరదా ఉన్నవాళ్లు కొందరున్నారు. కొత్తగా ఇందులోకి దిగేవాడు పాతవాణ్ని అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. “అన్నా, ఈ కిట్టు మీద ‘అన్నీ ఇక్కడి పంటలే’ అని రాశారు. పక్కనున్నది దీనికన్నా చవక. రుచిలో నిజంగా తేడా ఉంటుందా, ఆ మాటకే డబ్బులు తీసుకుంటున్నారా?”

ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం ఒక్క మాటలో తేలదు. బీరులో ముఖ్యంగా ఉండేవి నాలుగే: నీళ్లు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, హాప్స్ అనే పువ్వు, ఈస్టు. వీటిలో ఒకటి ఎప్పుడూ స్థానికమే, అయినా దాన్ని కిట్టులో పెట్టి ఎవరూ అమ్మరు. ఒకటి ఎంత దగ్గర్లో తయారైనా దాని పుట్టుక మాత్రం వేరే ఊళ్లోనే. ఒకదానికి ఊరికన్నా వంగడం ముఖ్యం. ఇంకొకదానికి ఊరూ ముఖ్యమే గానీ, కోసిన ఏడాది ఇంకా ముఖ్యం. ‘స్థానికం’ అన్న ఒక్క మాట ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు చట్టం సంగతి చెప్పాలి. అమెరికాలో మద్య నిషేధం ఎత్తేశాక కూడా ఇంట్లో బీరు కాచడం చాలాకాలం నేరంగానే ఉండిపోయింది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఒక బిల్లు మీద సంతకం చేయడంతో, 1979 ఫిబ్రవరి నుంచి కేంద్రస్థాయిలో అడ్డు తొలగింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాలు ఒక్కొక్కటే దారికొచ్చాయి. అలబామా, మిసిసిపీ ఒప్పుకునేసరికి 2013 వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఎక్సైజు చట్టం కింద నేరమే. కాబట్టి మన ఊళ్లో ఉండి చదివేవారికి ఇది సైన్సు వరకే. చేత్తో చేసే పనంతా వాషింగ్టన్ రాష్ట్రంలో జరుగుతుంది.

మొలకలో దాగిన తీపి

రాగి మాల్ట్ చేయడం తెలిసిన ఇంట్లో బీరు శాస్త్రం సగం తెలిసినట్టే. రాగులు రాత్రంతా నానబెడతారు. నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూటగడతారు. తెల్లటి మొలక కనబడగానే నీడన ఆరబోసి, దోరగా వేయించి పిండి పట్టిస్తారు. మామూలు రాగిపిండితో కాచిన జావ చల్లారితే గట్టిపడుతుంది. మొలకపిండి జావ పలచగా జారుతుంది, నాలుకకు కాస్త తీపి కూడా తగులుతుంది. అదే గింజ, అదే నీళ్లు. మధ్యలో ఏం జరిగింది?

గింజలోని పిండిపదార్థం మొక్క తన బిడ్డ కోసం దాచిన తిండి. అందులో చక్కెర అణువులు వేల సంఖ్యలో ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి గొలుసులుగా ఉంటాయి. ఆ రూపంలో అది తీపీ కాదు, లేత మొలకకు అరగనూ అరగదు. తడి తగిలి లేచిన గింజ ముందుగా ఎంజైములను తయారుచేసుకుంటుంది. ఆ గొలుసులను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టడం వాటి పని. ఆ పని ఊపందుకుంటుండగా మనం తడి ఆర్పేసి మొలకను ఆపేస్తాం. మొక్క చచ్చిపోతుంది గానీ ఎంజైములు చావవు. మళ్లీ వెచ్చటి నీళ్లు దొరికేదాకా కదలకుండా పడి ఉంటాయి.

బార్లీతో మాల్ట్‌హౌస్‌లో చేసేదీ ఇదే. దాదాపు రెండు రోజులు నానబెట్టడం, నాలుగైదు రోజులు మొలకెత్తించడం, ఆపైన వేడిగాలితో ఆరబెట్టడం. ఆ వేడి ఎంతన్నదాన్ని బట్టి గింజ లేత గడ్డిరంగులో ఉండిపోవచ్చు, కాఫీ గింజలా నల్లబడనూ వచ్చు. బీరు రంగు దాదాపుగా ఇక్కడే తేలిపోతుంది. బీరు కాచేరోజు ఆ గింజను బరకగా నలగ్గొట్టి 65 నుంచి 68 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచుతారు. ఎంజైములు మళ్లీ పనిలోకి దిగుతాయి, మిగిలిన పిండిపదార్థం చక్కెరగా మారిపోతుంది. వేడి ఒక పది డిగ్రీలు ఎక్కువైతే అవి చెడిపోయి పని ఆగిపోతుంది. ఇలా వచ్చిన తియ్యటి నీళ్లను మొలకరసం అందాం; ఈ పనిలో ఉన్నవాళ్లు వోర్ట్ అంటారు. అన్ని ధాన్యాలూ ఉండగా బార్లీయే ఎందుకంటే, దాని ఎంజైములు బలమైనవి. పైగా దాని పొట్టు గింజను వదలకుండా ఉండి, రసం వడకట్టేటప్పుడు జల్లెడ పని తానే చేస్తుంది.

కల్లుకు ఈ తంటా ఏమీ లేదు. తాటిగెలలోంచి కారేదే చక్కెర నీరు. లొట్టిలో పడ్డప్పటినుంచే పులవడం మొదలవుతుంది. ధాన్యం నుంచి మద్యం చేసే ప్రతి జాతీ ముందుగా పిండిని తీపిగా మార్చే ఉపాయం ఒకటి కనిపెట్టుకోక తప్పలేదు.

ఇప్పుడు కిట్టు దగ్గరికి వద్దాం. బజారులో దొరికేవాటిలో తేలికైనది పాకం కిట్టు. మొలకరసాన్ని ఎవరో ముందే తీసి, తేనెలా చిక్కబడేదాకా నీరు ఇగిర్చో, పొడి చేసో ఇస్తారు. మనం నీళ్లలో కలిపి హాప్స్ వేసి మరగబెట్టడమే. రెండోది గింజ కిట్టు. ఐదు గ్యాలన్ల, అంటే 19 లీటర్ల బీరుకు నాలుగున్నర, ఐదు కిలోల మాల్టు గింజ ఇస్తారు, రసం తీసే పని మనదే. పాకమూ, రుచికీ రంగుకూ కొద్దిగా గింజా కలిపి ఇచ్చేవి ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. కొత్తవారికి నేను చెప్పేది ఈ మధ్యరకమే.

‘స్థానికం’ అన్న మాట పాకం కిట్టు మీద కనిపిస్తే కాస్త అనుమానించాలి. మొలకరసాన్ని పాకంగా మార్చాలంటే పెద్ద పెద్ద ఆవిరి యంత్రాలు కావాలి. ఆ పని చేసే కంపెనీలు దేశం మొత్తం మీద కొన్నే. ఇంటి కిట్లలో తరచుగా కనబడే అమెరికన్ పాకం బ్రీస్ కంపెనీది. ఆ కంపెనీ ఉన్నది విస్కాన్సిన్ రాష్ట్రంలోని చిల్టన్‌లో. సియాటిల్‌కు అది దాదాపు మూడువేల కిలోమీటర్ల దూరం. అందులో తప్పేమీ లేదు, పాకం మంచిదే. ఇక్కడి పంట అని మాత్రం అనకూడదు.

గింజ కిట్టులో ఆ మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ. వాషింగ్టన్, ఐడహో, మోంటానా రాష్ట్రాల్లో బార్లీ పండుతుంది. వాషింగ్టన్‌లోనే వాంకూవర్ అనే పట్టణంలో 1934లో మొదలైన గ్రేట్ వెస్టర్న్ మాల్టింగ్ ఉంది. కెనడాలోని వాంకూవర్ వేరు, ఈ పేరుతో చాలామంది పొరబడతారు. అయితే పెద్ద మాల్ట్‌హౌస్‌లు ఎన్నో పొలాల గింజను కలిపి, ఏటా ఒకే రుచీ ఒకే రంగూ వచ్చేలా చూస్తాయి. వాటి పేరు నిలబడేదే ఆ నిలకడ మీద. ఫలానా రైతు, ఫలానా పొలం అని చెప్పుకోగలిగేది చిన్న మాల్ట్‌హౌస్‌లే.

అలా చెప్పుకుంటే మాత్రం రుచి మారుతుందా? ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పద్ధతిగా పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. రెండు బార్లీ వంగడాలను సంకరం చేసి, వచ్చిన రకాలను ఒరెగాన్‌లో వేర్వేరు చోట్ల పండించి, ఒక్కొక్కదాన్నీ విడిగా మొలకెత్తించి బీరు కాచి రుచి చూశారు. బార్లీ మారితే బీరు రుచి మారుతుందని తేలింది. ఆ మార్పులో పెద్దవాటా వంగడానిది. నేల, వాతావరణాల వాటా దానికన్నా చిన్నది. కాబట్టి పెట్టె మీద జిల్లా పేరుకన్నా వంగడం పేరు ఉంటే ఎక్కువ సంతోషించాలి. అది రాసే కిట్లు తక్కువ. రాసినవాడు పనిమీద శ్రద్ధ ఉన్నవాడేనని నా నమ్మకం.

ఏ ఏటి పువ్వు?

హాప్స్ ఒక తీగ. గంజాయితో ఒకే కుటుంబం, అయితే గంజాయి మత్తు ఇందులో లేదు. దాదాపు పద్దెనిమిది అడుగుల ఎత్తున కట్టిన తీగల మీదికి ఒక్క వేసవిలోనే పాకిపోతుంది. బీరుకు పనికొచ్చేది ఆడతీగ పువ్వు. ఆకుపచ్చని రేకులు ఒకదానిమీదొకటి పేర్చినట్టుండే ఆ పువ్వును చీల్చి చూస్తే, రేకుల మొదట్లో పసుపుపచ్చని రజను కనబడుతుంది. పుప్పొడి అనుకుంటాం, కాదు. జిగురు నిండిన బుల్లి గ్రంథుల రజను. లుపులిన్ అంటారు. చేదూ వాసనా అంతా అందులోనే.

చేదునిచ్చేవి ఆల్ఫా ఆమ్లాలు. పచ్చిగా అవి నీళ్లలో సరిగా కరగవు. మరిగే మొలకరసంలో గంటసేపు ఉడికితే వాటి అణువుల అమరిక మారి, బాగా కరిగే చేదుగా తయారవుతాయి. వాసననిచ్చే నూనెల తీరు దీనికి సరిగ్గా ఎదురు. మరిగినకొద్దీ అవి ఆవిరిలో కలిసిపోతాయి. అందుకే కిట్టుతో వచ్చే కాగితంలో హాప్స్‌ను ఒకేసారి వేయమనరు. చేదుకోసం కొంత మొదట్లో, వాసనకోసం కొంత స్టవ్ ఆర్పే ముందు, ఒక్కోసారి ఇంకొంత బీరు చల్లారాక. హాప్స్ వల్ల ఇంకో లాభం, పుల్లబరిచే బాక్టీరియాలు చాలావాటిని అవి ఎదగనివ్వవు. ఫ్రిజ్‌లు లేని కాలంలో బీరు నిలవ ఉండేదంటే అందులో హాప్స్ పాత్ర చిన్నది కాదు.

స్థానికం అన్న మాటకు వాషింగ్టన్ రాష్ట్రంలో అసలైన బలం ఇక్కడుంది. అమెరికా హాప్స్ పంటలో ముప్పాతిక వంతుకు అటూఇటుగా యాకిమా లోయలోనే పండుతుంది. సియాటిల్ నుంచి కాస్కేడ్ కొండలు దాటి రెండుమూడు గంటల కారు ప్రయాణం. సముద్రం మీదినుంచి వచ్చే మబ్బులు కొండలకు ఇవతలే కురిసిపోతాయి. అవతల యాకిమాలో ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటుగా వాన. తేమ తక్కువ కాబట్టి బూజు తెగుళ్లూ తక్కువ. తడికి మాత్రం కొదవ లేదు, కొండల మీది మంచు కరిగి కాలువల్లోకి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం పగటి పొడుగు. 46 డిగ్రీల అక్షాంశం మీదున్న ఆ ఊళ్లో జూన్‌లో దాదాపు పదహారు గంటల పగలుంటుంది. హైదరాబాద్‌లో పదమూడుకు కొంచెం పైన. హాప్స్ తీగ బాగా ఎదిగి పూతకు రావాలంటే ఆ పొడుగాటి పగళ్లు కావాలి. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో ఈ పంట వేశారు గానీ, దక్కనులో ఎవరూ వేయకపోవడానికి కారణం ఇదే.

ఈ ప్రాంతపు పేరు మోసిన రకం కాస్కేడ్. ఒరెగాన్‌లోని కొర్వాలిస్‌లో ప్రభుత్వ పరిశోధకులు తయారుచేసి 1972లో విడుదల చేశారు. దాని పూర్వీకుల్లో ఇంగ్లండుకు చెందిన ఫగుల్ ఉంది. పంపరపనస తొక్క గిల్లితే వచ్చే వాసన దీనిది. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కంపెనీ 1980లో ఈ రకంతో కాచిన పేల్ ఏల్ బీరు అమెరికన్ల నాలుకనే మార్చేసింది. మొదటి కిట్టు కొనేవారు పేల్ ఏల్ తీసుకుంటే, అందులో కాస్కేడ్ ఉంటే, స్థానికం అన్న మాటకు ఇచ్చిన డబ్బు వృథా కాదు.

ఒక షరతు ఉంది. ఎండుమిర్చి సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. వేసవిలో కొత్త కాయ తెచ్చి, తొడిమలు తీసి, ఏడాదికి సరిపడా కారం ఆడించుకుంటాం. గుంటూరు కాయే కావాలని పట్టుబడతాం. అదే గుంటూరు కారం మూడేళ్లు డబ్బాలో మూలుగుతూ ఉంటే? ఎరుపు వెలిసిపోతుంది, ఘాటు పోతుంది, కూరలో వేస్తే దుమ్ము వేసినట్టుంటుంది. అప్పుడు గుంటూరన్న పేరు ఎందుకూ పనికిరాదు. పక్క జిల్లా కొత్త కారమే నయం. హాప్స్ కూడా అంతే. గాలి తగిలితే ఆల్ఫా ఆమ్లాలు తరిగిపోతాయి, నూనెలు ఎగిరిపోతాయి, బాగా పాతబడితే చీజు కంపు వస్తుంది. యాకిమాలో కోత ఆగస్టు చివర మొదలై సెప్టెంబరంతా సాగుతుంది. పువ్వును వెంటనే ఆరబెట్టి, చాలావరకు పొడి చేసి గుళికలుగా నొక్కుతారు. గాలి చొరని వెండిరంగు సంచిలో, చల్లగా ఉంచితే అవి చాలాకాలం నిలుస్తాయి. దుకాణం అద్దాల పక్కన ఎండలో వేలాడే పారదర్శకమైన సంచిలో ఉంచితే నిలవవు. సంచి మీద కోసిన ఏడాదీ, ఆల్ఫా ఆమ్లాల శాతమూ రాసి ఉండాలి. కాస్కేడ్‌కు ఆ శాతం మామూలుగా నాలుగున్నర నుంచి ఏడు మధ్య ఉంటుంది. ఈ రెండూ రాయకుండా కొండల బొమ్మ మాత్రమే అచ్చేసిన కిట్టుకన్నా, జర్మనీ హాప్స్‌తో నిరుటి కోత అని నిజాయితీగా రాసిన కిట్టు మేలు.

పెట్టెలో లేని సరుకు

బీరులో తొంభై శాతానికి పైన నీళ్లే. ఆ నీళ్లు మన కుళాయివే. ఏ కిట్టు కొన్నా, అది ఏ దేశంనుంచి వచ్చినా, బీరులో అధికభాగం మన ఊరిదే అవుతుంది. బీరుకు పేరు పడిన ఊళ్లు కొన్ని నిజానికి నీళ్ల వల్ల పేరు తెచ్చుకున్నవి. ఇంగ్లండులోని బర్టన్ బావుల్లో జిప్సమ్ ఎక్కువ. ఆ సల్ఫేటు వల్ల హాప్స్ చేదు సూటిగా, పొడిగా తగులుతుంది. చెక్ దేశంలోని పిల్సెన్ నీళ్లలో ఖనిజాలు దాదాపు లేవు. 1842లో అక్కడ పుట్టిన లేత బంగారురంగు బీరు మృదుత్వంలో ఆ నీళ్ల చలవ ఉంది.

సియాటిల్‌కు నీళ్లొచ్చేది సెడార్, టోల్ట్ నదుల నుంచి. కొండల మీది వానా మంచూ కాబట్టి చాలా తేలికైన నీళ్లు, పిల్సెన్‌కు దగ్గర. లేతరంగు బీరుకు బాగా కుదురుతాయి. పేల్ ఏల్‌లో చేదు కొంచెం పదునుగా కావాలనుకునేవారు చిటికెడు జిప్సమ్ కలుపుతారు. చిక్కు క్లోరిన్‌తో వస్తుంది. మాల్ట్‌లోనూ ఈస్టు పనిలోనూ పుట్టే ఫినాల్ పదార్థాలతో అది కలిస్తే, అతి కొద్దిపాటి మోతాదులోనే ఆస్పత్రి వాసన వచ్చేస్తుంది. సియాటిల్‌లో కలిపేది మామూలు క్లోరిన్. నీళ్లు మరిగిస్తే పోతుంది. పోర్ట్‌లాండ్‌లో క్లోరమీన్ వాడతారు, అది అంత తేలిగ్గా వదలదు. క్యామ్‌డెన్ అనే సల్ఫైటు బిళ్లలో చిన్న ముక్క నలిపి కలిపితే రెండూ నిమిషాల్లో పోతాయి. కిట్టు ఎంపికకు పెట్టిన శ్రమలో నాలుగోవంతు నీళ్ల మీద పెట్టేవారు నాకు తక్కువమందే కనిపించారు.

ఇక ఈస్టు. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదని శాసనం చేశారు. అందులో ఈస్టు పేరే లేదు. కంటికి కనబడనిదాని సంగతి వాళ్లకేం తెలుసు? పులియడం ఒక ప్రాణి చేసే పని అని పందొమ్మిదో శతాబ్దంలో పాశ్చర్ నిరూపించాడు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణంనుంచి మొదలుపెట్టి, వేరే జాతి కలవని ఈస్టును పెంచాడు. అప్పటినుంచి ఈస్టు ఊరి గాలిలోంచి వచ్చేది కాకుండా, ప్రయోగశాలలో వంశం చెడకుండా కాపాడేదయింది. ఒరెగాన్‌లో మౌంట్ హుడ్ కొండకు దగ్గర్లో 1986 నుంచి వైయీస్ట్ అనే ప్రయోగశాల నడుస్తోంది. దాని ఈస్టు పెట్టిన కిట్టును స్థానికం అనొచ్చా? పెంచింది ఇక్కడే. కానీ అది అమ్మే రకాల్లో లండన్ ఏల్ ఉంది, బెల్జియం రకాలున్నాయి, జర్మనీవి ఉన్నాయి. మనవాళ్ల పిల్లలు సియాటిల్‌లో పుట్టినట్టే అని ఒక మిత్రుడు అన్నాడు, నవ్వి ఊరుకున్నాను.

ఈస్టు విషయంలో కూడా చూడాల్సింది తేదీయే. ద్రవరూపంలో ఉన్నది ఫ్రిజ్‌లో ఉంచినా నెలలు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. పొడి ఈస్టు మొండిది. 11 గ్రాముల పొట్లంలో గ్రాముకు వందల కోట్ల కణాలుంటాయి, రెండేళ్ల దాకా నిలుస్తుంది. మొదటిసారి చేసేవారికి పొడిదే మంచిది. పులిసేచోట 18 నుంచి 20 డిగ్రీలుంటే ఏల్ రకం ఈస్టు హాయిగా పనిచేస్తుంది. పాతిక దాటితే ఘాటు ఆల్కహాళ్లు పుట్టి రుచి చెడుతుంది. హీటరు పక్కన పెట్టకపోతే సియాటిల్ ఇళ్లల్లో శరదృతువు ఇందుకు అనువైన కాలం.

మరి ప్రమాదం కాదా?

కల్తీసారా చావుల వార్తలు చదివి పెరిగిన మనకు ఈ భయం సహజం. ఆ చావులకు కారణం మిథైల్ ఆల్కహాలు, అంటే మిథనాల్. సారాలో పరిశ్రమలకు వాడే మిథనాల్ కలపడం వల్లే ఆ ఘోరాలు జరుగుతాయి. బార్లీరసం పులిస్తే పుట్టే మిథనాల్ లెక్కలోకి రానంత కొంచెం. అది ముఖ్యంగా పండ్లలోని పెక్టిన్ నుంచి వచ్చే పదార్థం. పైగా బీరును ఎవరూ బట్టీ పట్టరు. అసలు జాగ్రత్త సీసాల దగ్గర కావాలి. పులియడం పూర్తికాకుండానే సీసాకెత్తినా, నురగ కోసం వేసే చక్కెర ఎక్కువైనా, లోపల పుట్టే కార్బన్ డయాక్సైడు సీసాను పగలగొట్టగలదు. గాజుపెంకులు గదంతా ఎగురుతాయి. అందుకే సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ఉన్న కిట్టే తీసుకోవాలి. రెండుమూడు రోజుల తేడాతో చూసినా అదే అంకె వస్తే పులియడం ఆగిందని అర్థం. మరిగించిన తర్వాత రసానికి తగిలే ప్రతి గిన్నే, గొట్టమూ, మూతా క్రిమిసంహారక ద్రావణంలో ముంచి తీయాలి. పేరున్న బీరైనా పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

మొదటిసారికి ఐదు గ్యాలన్ల కిట్టు అక్కర్లేదు. ఒక గ్యాలన్ది చాలు, పది సీసాలు వస్తాయి. వంటింటి గిన్నెలో కాగుతుంది, చెడితే పారబోయడానికి బాధుండదు. చేయి తిరిగాక మాత్రం ఒకసారి సెప్టెంబరులో కాచి చూడాలి. కోత రోజుల్లో యాకిమా హాప్స్ ఆరబెట్టకుండా పచ్చిగానే దొరుకుతాయి. కోసిన ఒకటి రెండు రోజుల్లో మరిగే రసంలో పడకపోతే కుళ్లు మొదలవుతుంది, కాబట్టి దీన్ని ఏ కిట్టులోనూ పెట్టలేరు, ఏ దేశానికీ తేలిగ్గా పంపలేరు. పచ్చి పువ్వులో ఎక్కువభాగం నీరే గనక, గుళికలు 30 గ్రాములు వేయమన్నచోట ఇది 150 గ్రాములకు తగ్గకూడదు. ఆ పువ్వు పీల్చుకునే రసానికి సరిపడా ముందే లీటరో రెండు లీటర్లో నీళ్లు ఎక్కువ పోసుకోవాలి.